షైలో రోడ్డు పక్క ద్రాక్షతోట

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి 101 హైవే మీద ఉత్తరంగా ఓ గంటన్నర వెళ్తే సొనోమా కౌంటీలో విండ్సర్ అనే ఊరు వస్తుంది. వైన్ తాగేవాళ్ళకి ఈ చుట్టుపక్కల పేర్లన్నీ కంఠస్థం. తాగని మాలాంటి వాళ్ళకి ఇక్కడి రైతుబజారు, రెడ్‌వుడ్ చెట్లు, వానాకాలంలో పచ్చగా ఉండి ఎండల్లో గడ్డి ఎండి పసుపురంగుకి తిరిగే కొండలు చాలు. ఊరికి దక్షిణపు అంచున షైలో రోడ్డు, ఓల్డ్ రెడ్‌వుడ్ హైవే కలిసేచోట 68 ఎకరాల ద్రాక్షతోట ఉంది. దాని మధ్యలోంచి ప్రూయిట్ క్రీక్ అనే చిన్న వాగు పారుతుంది. రోడ్డుకి ఇవతల ఇళ్ళు, పిల్లలు బంతాట ఆడుకునే ఎస్పోస్టీ పార్కు. సాయంత్రం నడకకి వెళ్ళేవాళ్ళకి ఆ తోట రోజూ కనిపించేదే.

2021 సెప్టెంబరులో కోయ్ నేషన్ అనే తెగ ఆ తోటని కొన్నట్టు, అక్కడ క్యాసినో కట్టబోతున్నట్టు ప్రకటించింది. 2,750 ఆట యంత్రాలు, 400 గదుల హోటలు, స్పా, సమావేశ మందిరాలు. తెగలో ఉన్నది సుమారు 90 మంది. కట్టి నడపడానికి ఓక్లహోమాకి చెందిన చికసా నేషన్ వాళ్ళు భాగస్వాములు. అంతే, ఊరు ఊరంతా రెండుగా చీలింది. ఇళ్ళ ముందు బోర్డులు వెలిశాయి. స్కూలు దగ్గర పిల్లల కోసం నిలబడ్డా, కిరాణా కొట్లో లైన్లో ఉన్నా ఇదే మాట. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో దోసెపిండి ఎక్కడ బాగుంటుందనే చర్చ కూడా కొన్నాళ్ళు ఆగిపోయింది.

అప్పుడు మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. "ఇండియన్ క్యాసినో అంటున్నారు, మనవాళ్ళెవరైనా కడుతున్నారా అమ్మాయ్?" అని అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. కొలంబస్ చేసిన పొరపాటు ఇప్పటికీ చట్టాల పేర్లలో కూడా ఉంది. ఇండియన్ గేమింగ్ చట్టం అనే అంటారు. మనం చిన్నప్పుడు పుస్తకాల్లో చదువుకున్న 'రెడ్ ఇండియన్లు' వీళ్ళే. కానీ వాళ్ళు తమని తాము ముందు తమ తెగ పేరుతో చెప్పుకుంటారు. మనల్ని ఎవరైనా 'ఇండియన్స్' అంటే ఊరుకుంటాం కానీ, ఇంట్లో మనం గోదావరి వాళ్ళమో, పాలమూరు వాళ్ళమో కదా. అలాగే ఇదీ.

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే లాస్ వేగాస్ తీసుకెళ్ళి దీపాలు చూపించి, బఫేలో తినిపించి తీసుకురావడం మనందరికీ అలవాటే. అక్కడివి చాలావరకు కంపెనీలు నడిపే క్యాసినోలు. తెగల క్యాసినోల కథ వేరు. దక్షిణ కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ దగ్గర కబజాన్ అనే చిన్న తెగ తమ నేల మీద బింగో, పేకాట నడుపుకుంటుంటే రాష్ట్రం ఆపాలని చూసింది. 1987లో సుప్రీంకోర్టు తెగ పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ మరుసటి ఏడు, 1988లో, కేంద్ర చట్టం వచ్చింది. దాని ప్రకారం క్యాసినోలో మిగిలిన డబ్బు ఎవరో ఒకరి జేబులోకి పోవడానికి వీల్లేదు. తెగ పాలనకి, తెగ ప్రజల సంక్షేమానికి, ఆర్థికాభివృద్ధికి, దానధర్మాలకి, చుట్టుపక్కల స్థానిక ప్రభుత్వాలకి సాయం చేయడానికి మాత్రమే వాడాలి. పెద్ద యంత్రాలు, టేబుళ్ళు పెట్టాలంటే రాష్ట్ర గవర్నరుతో ఒప్పందం ఉండాలి. కాలిఫోర్నియాలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. క్యాసినోలు లేని తెగలకి, చిన్నవి మాత్రమే ఉన్న తెగలకి, పెద్ద క్యాసినోల తెగలు కట్టే నిధి నుంచి ఏటా 11 లక్షల డాలర్లు అందుతాయి.

అసలు చిక్కు నేల దగ్గర వస్తుంది. తెగ ఒక స్థలం కొన్నంత మాత్రాన క్యాసినో కట్టలేదు. కేంద్ర ప్రభుత్వం ఆ నేలని తెగ పేరున తన ట్రస్టులోకి తీసుకోవాలి. తీసుకున్నాక కౌంటీ జోనింగ్ నియమాలు అక్కడ పనిచెయ్యవు, ఆస్తిపన్ను ఉండదు. 1988 తర్వాత ట్రస్టులోకి వచ్చిన నేల మీద జూదం మామూలుగా కుదరదు. కానీ గుర్తింపు పోగొట్టుకుని మళ్ళీ పొందిన తెగలకి మినహాయింపు ఉంది, వాళ్ళకి ఆ నేలతో పాత సంబంధం ఉండాలి. షైలో రోడ్డు గొడవంతా ఈ చివరి మాట చుట్టూనే తిరుగుతోంది.

ఇరుగుపొరుగు భయాల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అవి నావి కూడా. 2017 అక్టోబరులో టబ్స్ మంట కాలిస్టోగా దగ్గర మొదలై ఒక్క రాత్రిలో కొండలు దాటి సాంటా రోజాలో కాఫీ పార్క్ అనే పేట మీద పడింది. ఆ మంటలో 22 మంది చనిపోయారు. రెండేళ్ళకి, 2019 అక్టోబరులో, కిన్‌కేడ్ మంట వచ్చినప్పుడు విండ్సర్ ఊరు మొత్తం ఖాళీ చేయమన్నారు. పాస్‌పోర్టులు, నగలు, అత్తయ్యగారి బీపీ మందులు, దేవుడి గదిలోంచి ఒక్క వెంకటేశ్వరస్వామి పటం పట్టుకుని కారెక్కాం. కరెంటు లేదు. పది నిమిషాల్లో ఎక్కాల్సిన హైవే ఎక్కడానికి గంటకి పైగా పట్టింది. అద్దాల్లోంచి చూస్తే ముందూ వెనకా ఎర్రలైట్లు తప్ప ఇంకేమీ లేవు. వెనక సీట్లో మా చిన్నది "అమ్మా, మన ఇల్లు కాలిపోతుందా?" అని అడుగుతూనే ఉంది. అగ్నిమాపక దళం ఊరిని కాపాడింది. ఆ రోడ్ల మీదకే వేలమంది అతిథుల్ని, ఉద్యోగుల్ని తీసుకొస్తే మళ్ళీ అలాంటి రాత్రి వచ్చినప్పుడు ఏమవుతుంది? చుట్టుపక్కల బావుల మీద బతికే ఇళ్ళకి నీటి మాటేమిటి? తరలింపు ప్రణాళిక తయారుచేస్తామని ప్రాజెక్టు పత్రాల్లో రాశారు. ఆ రాత్రి ఆ కారులో కూర్చున్నవాళ్ళకి కాగితం మీద ప్రణాళికతో ధైర్యం రాదు.

రెండో భయం ఇంటి లోపలిది. మన ఆడవాళ్ళు దీన్ని పైకి తక్కువ అంటారు, లోపల ఎక్కువ పడతారు. ధర్మరాజు కథ వింటూ పెరిగినవాళ్ళం, జూదం అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. నాకు బాగా తెలిసిన ఒకామె భర్త మంచి ఉద్యోగస్థుడు, నెమ్మదస్తుడు. స్నేహితులతో సరదాగా మొదలై, తర్వాత ఒక్కడే వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇంటి కోసం దాచిన డౌన్ పేమెంటు కరిగిపోయిందని ఆమెకి తెలిసేసరికి రెండేళ్ళు దాటాయి. ఆమెది హెచ్4 వీసా, చేతిలో సంపాదన లేదు, అమ్మానాన్నలకి చెప్పుకోలేదు. ఆమె నా వంటింట్లో కూర్చుని, టీ చల్లారిపోతున్నా తాగకుండా, "నాకు బ్యాంకు పాస్‌వర్డు కూడా తెలీదక్కా" అంది. అందుకే ఇక్కడ ఒక్క విషయం రాసి తీరాలి. కాలిఫోర్నియాలో జూదం ఆడేవాళ్ళకే కాదు, వాళ్ళ వల్ల నలిగిపోతున్న ఇంటివాళ్ళకి కూడా రాష్ట్రం ఖర్చుతో కౌన్సెలింగ్ దొరుకుతుంది. ఫోన్ నంబరు 1-800-426-2537. ఫ్రిజ్ మీద అంటించుకోనక్కర్లేదు, ఫోన్లో ఏదో ఒక పేరుతో దాచుకోండి.

అయితే ఆ ఇంటి కష్టం షైలో రోడ్డు వల్ల రాలేదు. ఇక్కడ ఒక్క ఇటుక పెట్టకముందే వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వమే 1985 నుంచి లాటరీ నడుపుతోంది, పెట్రోలు బంకులో పాల డబ్బాతో పాటు టికెట్టు అమ్ముతారు. ఫోన్లో పందేలు సరేసరి. జూదం చెడ్డదని 90 మంది తెగకి ఒక్కదానికే నీతి చెప్పి ఊరుకుంటే లెక్క సరిపోదు.

అసలు క్యాసినో వచ్చాక ఊరు ఎలా ఉంటుందో చూడాలని ఒక శనివారం రోనర్ట్ పార్క్ వెళ్ళాను. మాకు దక్షిణంగా అరగంట దూరం. అక్కడ గ్రేటన్ రాంచెరియా వాళ్ళ క్యాసినో 2013 నవంబరు 5న తెరిచారు. గ్రేటన్ వాళ్ళంటే కోస్ట్ మివాక్, సదరన్ పోమో ప్రజలు. వాళ్ళ గుర్తింపుని 1960లలో ప్రభుత్వం రద్దు చేసింది. 2000 డిసెంబరులో చట్టం ద్వారా తిరిగి ఇచ్చింది. ఆ తెగ అధ్యక్షుడు గ్రెగ్ సారిస్ నవలాకారుడు, ప్రొఫెసరుగా కూడా పనిచేశాడు. అక్కడ క్యాసినో వస్తుందన్నప్పుడు ఇక్కడ జరుగుతున్నదే జరిగింది. పదేళ్ళపాటు సభలు, బోర్డులు, కేసులు. తెరిచిన మొదటిరోజు హైవే మీద కార్లు బారులు తీరాయి.

నేను వెళ్ళినప్పుడు పార్కింగు నిండా కార్లు, ఎవరి పనిలో వాళ్ళు. లోపల అర్ధరాత్రో మధ్యాహ్నమో తెలియని వెలుతురు. యంత్రాల ముందు మన వయసు ఆడవాళ్ళే చాలామంది, ఒడిలో పర్సు, చూపు తెర మీద. బయట అర మైలు దూరంలో పెద్ద దుకాణాలు, మామూలు శనివారం. ఊరు కూలిపోలేదు, స్వర్గమూ కాలేదు. ఒప్పందం ప్రకారం తెగ నగరానికీ కౌంటీకీ డబ్బు కడుతోంది. 2020లో యూసీఎల్ఏ లా కాలేజీకి ఆదివాసీ చట్టాల చదువు కోసం కోటిన్నర డాలర్లు ఇచ్చింది. ఒకప్పుడు ఆఫీసు గది కూడా లేని తెగ ఒక యూనివర్సిటీకి దానం చేసే స్థితికి రావడం చిన్న విషయం కాదు.

మరి అదే గ్రేటన్ తెగ కోయ్ నేషన్ క్యాసినోని గట్టిగా వ్యతిరేకిస్తోంది. కౌంటీలోని ఇతర తెగలూ వాళ్ళతో గొంతు కలిపాయి. వాళ్ళ వాదన ఏమిటంటే, షైలో రోడ్డు నేల సదరన్ పోమో వాళ్ళది. కోయ్ వాళ్ళు సౌత్ ఈస్టర్న్ పోమో, భాష వేరు, వాళ్ళ పూర్వీకుల ఊరు 50 మైళ్ళ అవతల క్లియర్ లేక్ దగ్గర. ఇది పోటీ భయమేనని కొందరంటారు. నిజమే కావచ్చు. కానీ మన నేల మీద పక్క తెగ వచ్చి జెండా పాతితే ఎలా అనే బాధ కూడా నిజమే. కోయ్ వాళ్ళేమో, మా ఊరు పోగొట్టుకున్నాక మా పెద్దలు బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడింది ఈ సొనోమా కౌంటీలోనే, వ్యాపార దారులూ ఇటే ఉండేవి అంటారు.

ఆ 50 మైళ్ళు ఎలా ఉంటాయో చూడాలనిపించింది. మార్క్ వెస్ట్ స్ప్రింగ్స్ రోడ్డు మీదుగా కాలిస్టోగా చేరి, అక్కడినుంచి 29వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. సెయింట్ హెలెనా కొండ మీద మలుపులకి మా చిన్నది రెండుసార్లు కారు ఆపించింది. మిడిల్‌టౌన్ దాటి లోయర్ లేక్ చేరేసరికి దాదాపు మధ్యాహ్నం అయింది. దారంతా కాలిన చెట్ల మోళ్ళు, వాటి మొదళ్ళలో కొత్త చిగుళ్ళు.

లోయర్ లేక్ పక్కనే ఆండర్సన్ మార్ష్ అనే రాష్ట్ర పార్కు ఉంది. జమ్ముగడ్డి, నీటిపక్షులు, ఓక్ చెట్లు, దూరంగా కొనాక్టై కొండ. ఈ చిత్తడినేల మధ్యలో ఉన్న లంకలోనే కోయ్ అనే ఊరు ఉండేది. తెగ పేరు దాన్నించే వచ్చింది. ఇక్కడ మనుషులు వేల ఏళ్ళుగా ఉన్నారని తవ్వకాల్లో తేలింది. తిరుపతి గుడి కట్టకముందు నుంచీ అని మావారు లెక్కగట్టారు. సరస్సుకి ఉత్తరపు కొసన ఇంకో చోటు ఉంది. 1850 మేలో అమెరికా సైన్యం అక్కడ పోమో ప్రజల్ని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా చంపింది. ఇప్పుడు దాన్ని బ్లడీ ఐలాండ్ అంటారు.

ఆ తర్వాత 1851, 52లలో కాలిఫోర్నియా తెగలతో 18 ఒప్పందాలు రాసుకుని, సెనేట్ వాటిని ఆమోదించకుండా 1905 దాకా రహస్యంగా ఉంచేసింది. నేల ఇస్తామన్న కాగితం బీరువాలో, నేల మాత్రం పరాయివాళ్ళ చేతుల్లో. 1916లో కోయ్ వాళ్ళ కోసం లోయర్ లేక్ దగ్గర 140 ఎకరాలు కొన్నారు. 1956లో కాంగ్రెసు చట్టం చేసి దాన్ని కూడా విమానాశ్రయం కోసం కౌంటీకి అమ్మేసింది. తెగకి గుర్తింపు తిరిగి 2000లో వచ్చింది, నేల మాత్రం రాలేదు. అంటే 'మీ ఊరు అక్కడ కదా, ఇక్కడికెందుకొచ్చారు' అని అడుగుతున్నాం సరే, అక్కడ ఊరు లేకుండా చేసింది ఎవరు?

కోయ్ అన్న పేరు వినగానే మీకూ మన కోయలే గుర్తొచ్చి ఉంటారు. పేర్ల పోలిక తప్ప సంబంధం లేదు. కానీ కథలో పోలిక ఉంది. ఏజెన్సీ నేలని గిరిజనేతరులు కొనకూడదని 1/70 నియమం ఉన్నా నేల చేతులు మారుతూనే ఉంది. పోలవరం ముంపులో ఊళ్ళు వదిలిన కోయలు కొత్త కాలనీల్లో ఉంటున్నారు. రేపు వాళ్ళ మనవలు ఆ కాలనీ దగ్గర ఏదైనా కట్టుకుంటామంటే 'మీరు ఈ ఊరివాళ్ళు కాదు' అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

సాంటా రోజాలో ఎల్సీ ఆలెన్ హైస్కూలు ఉంది. ఎల్సీ ఆలెన్ పేరున్న పోమో బుట్టల కళాకారిణి. పదకొండేళ్ళ వయసులో ఆమెని ఇంటినుంచి దూరంగా స్కూలుకి పంపారు, అక్కడ తన భాష మాట్లాడనివ్వలేదు. పెద్దయ్యాక తన పిల్లలకి ఆ భాష నేర్పలేదు. పోమో ఆచారం ప్రకారం మనిషితో పాటు వాళ్ళ బుట్టల్నీ పాతిపెట్టేవాళ్ళు. ఎల్సీ వాళ్ళమ్మ మాత్రం తన బుట్టలు పాతిపెట్టొద్దని, నలుగురికీ చూపించి ఆ విద్య నేర్పమని కూతురితో మాట తీసుకుంది. ఎల్సీ ఆ మాట నిలబెట్టుకుంది. పిల్లల తెలుగు బడికి వారం వారం కార్లు నడిపే మనకి ఆ తల్లీకూతుళ్ళ సంగతి వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

2024 వేసవిలో పర్యావరణ నివేదిక ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు అడిగారు. మా గ్రూపులో ఒక చెల్లెలు పిటిషన్ పంపి, "అక్కా, ఈ రాత్రికల్లా సంతకం పెట్టేయండి, అందరం పెట్టాం" అంది. చదివాను. రోడ్లు, నీళ్ళు, మంటల గురించి రాసిన పేరాలన్నీ నా మనసులోవే. చివర్లో మాత్రం 'వీళ్ళు ఈ ప్రాంతం వాళ్ళు కాదు, మన కుటుంబ విలువలు పాడవుతాయి' అని ఉంది.

"ఆ చివరి రెండు వాక్యాలు తీసేస్తే పెడతాను" అన్నాను.

"అవి లేకపోతే పస ఉండదక్కా."

"హైదరాబాదు నుంచి వచ్చినదాన్ని, వీళ్ళు ఈ ప్రాంతం వాళ్ళు కాదని నేనెలా సంతకం పెట్టనమ్మా?"

ఆ అమ్మాయి నొచ్చుకుంది. వారం రోజులు మాట్లాడలేదు కూడా. నేను నా ఉత్తరం విడిగా రాసి పంపాను. అందులో 2019 అక్టోబరు రాత్రి మా కారు ఎన్ని నిమిషాలు ఎక్కడెక్కడ ఆగిపోయిందో వరసగా రాశాను. ఖాళీ చేయాల్సి వస్తే క్యాసినో అతిథుల్ని ఏ దారిన, ఎంత ముందుగా పంపుతారని అడిగాను. బావులు ఎండితే ఎవరు జవాబుదారీ అని అడిగాను. ఆ నేల మీద వాళ్ళకి హక్కుందో లేదో నేను తేల్చలేనని, అది తెగలు, కోర్టులు తేల్చుకోవాలని, తెగకి ఎక్కడో ఒకచోట సొంత నేల మాత్రం ఉండి తీరాలని కూడా రాశాను.

కౌంటీ సూపర్‌వైజర్లు, విండ్సర్ టౌన్ కౌన్సిల్, చివరికి గవర్నరు కార్యాలయం కూడా వద్దన్నా, 2025 జనవరిలో కేంద్ర అంతర్గత శాఖ ఆ నేలని ట్రస్టులోకి తీసుకోవడానికి ఒప్పుకుంది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ చెల్లెలూ నేనూ మళ్ళీ మాట్లాడుకుంటున్నాం, ఈ ఒక్క విషయం తప్ప. మొన్న వాళ్ళ అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి పోమో బుట్టల బొమ్మలు కావాలంటే నన్నే అడిగింది. యుకయాలో గ్రేస్ హడ్సన్ మ్యూజియంకి తీసుకెళ్ళమని చెప్పాను, అక్కడ మంచివి ఉన్నాయి.

మీరుండే ఊళ్ళో కూడా ఇలాంటి చర్చ ఎప్పుడైనా రావచ్చు. క్యాసినో కావాలో వద్దో మీ ఇష్టం. రోడ్డు, నీళ్ళు, పిల్లల స్కూలు, ఇంట్లో డబ్బు, ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే, గట్టిగా అడగండి. సంతకం పెట్టేముందు మాత్రం ఆ తెగ పేరేమిటో, వాళ్ళ ఊరు ఏమైపోయిందో ఒక్క సాయంత్రం కూర్చుని చదవండి. వీలైతే కారేసుకుని అక్కడిదాకా వెళ్ళి రండి. దారిలో పులిహోర పట్టుకెళ్ళండి, లోయర్ లేక్ దగ్గర మన తిండి దొరకదు.